మొహమాటపు మెగావాట్లు

ఉదయం పది గంటల పదహారు నిమిషాలకి కొత్తరేవు నగరంలో నాలుగు లక్షల మీటర్లు ఒక్కసారే గొంతు సవరించుకున్నాయి.

ఇది 2074వ సంవత్సరం మరి. మీటరంటే ఇప్పుడు గోడకి అతుక్కుని అంకెలు తిప్పుకునే మూగ డబ్బా కాదు. అది మాట్లాడుతుంది, అందుకే దాన్ని మాటమీటరు అంటారు. ప్రతి ఇంటి వసారాలోకీ అది వచ్చి నాలుగు నెలలైంది. "అమ్మా, ఇస్త్రీ ఒక్క పది నిమిషాలాగి చేసుకుంటారా?" అని అది అడగడం, "సర్లే" అని వీళ్ళు పెట్టె పక్కన పెట్టడం మామూలైపోయింది. కొందరైతే దాన్ని కూచోబెట్టుకుని తోటికోడళ్ళ మీద చాడీలు కూడా చెబుతున్నారు. కానీ ఆ ఉదయం అది అడగబోతున్నది ఇస్త్రీ సంగతి కాదు. గంటకి నూట అరవై కిలోమీటర్ల వేగంతో తుఫాను ఊరి మీద పడింది.

"మేడమ్, సముద్రంలో గాలిమరలన్నీ ఆగిపోనాయి!" అన్నాడు గొర్లె తరుణ్, కంట్రోల్ రూములో తన కుర్చీలోంచి సగం లేచి. పేరుకి తరుణ్ గానీ మనిషికి యాభై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళుగా షిఫ్టు ఆపరేటరుగా ఈ ఊరి కరెంటుని కనిపెట్టుకుని ఉన్నవాడు. "ఇంత గాలికి తిరిగితే రెక్కలిరిగిపోతాయని వాటంతటవే బ్రేకులేసుకున్నాయి. రెండొందల పది మెగావాట్లు లోటు. ఫ్రీక్వెన్సీ సూడండి, నలభై తొమ్మిది పాయింటు ఒకటి!"

ఆ అంకె చూసి చీఫ్ ఇంజనీరు బొడ్డేపల్లి హైమ ఒక్క అంగలో తరుణ్ బల్ల దగ్గరికి వచ్చింది. కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగాలి. ఆ ఊపునే ఫ్రీక్వెన్సీ అంటారు. వాడకం ఎక్కువై, తయారయ్యేది తక్కువైతే ఆ ఊపు మందగిస్తుంది. నలభై ఏడున్నరకి దిగిందా, ఇక అంతే! కరెంటు పుట్టించే యంత్రాలన్నీ కాలిపోకుండా తప్పించుకోవడానికి ఒకదాని వెనక ఒకటి తీగల నుంచి విడిపోతాయి. ఊరు ఊరంతా చీకటైపోతుంది. మళ్ళీ మొదటి దీపం వెలగాలంటే రెండు రోజులు పడుతుంది.

పాతకాలంలో అయితే ఇలాంటప్పుడు చెయ్యడానికి ఒకటే పని ఉండేది. పేట మొత్తానికి కరెంటు మోసుకెళ్ళే తీగని ఫీడరు అంటారు. వంతుల జాబితా చూసి ఒక్కో ఫీడరూ కట్టేసేవారు. మూడు వేల ఇళ్ళు ఒక్క దెబ్బకి ఆరిపోయేవి. ఏసీ పెట్టుకుని దుప్పటి కప్పుకున్నవాడూ, ఊపిరియంత్రం మీద బతుకుతున్న ముసలమ్మా ఒకే గాటన! ఇది అన్యాయమని విద్యుత్ మండలివారు ఒకసారి ప్రాణావసర పట్టిక అని పెట్టారు. ఊపిరియంత్రాలున్నవాళ్ళు పేర్లు రాయించుకుంటే వాళ్ళకి కోత ఉండదన్నారు. ఇంకేముంది! ఏడాది తిరిగేసరికి ఊళ్ళో ముప్పాతిక మంది రోగులైపోయారు. కుక్కకి ఉబ్బసమని డాక్టరు చీటీ తెచ్చినవాడున్నాడు. చేపల తొట్టెకి గాలి ఊదే మోటారుని అత్తగారి పేర రాయించిన మహానుభావుడూ ఉన్నాడు.

ఆ పట్టికని చింపి పారేసిన రోజే హైమకి ఈ ఆలోచన వచ్చింది. కాగితం అడిగితే జనం అబద్ధం చెబుతారు, మనిషిలా గౌరవంగా అడిగితే నిజం చెబుతారు. ఆ నమ్మకంతోనే తొమ్మిదేళ్ళు కష్టపడి మన్నన అనే మహాయంత్రాన్ని తయారుచేసింది. నాలుగు లక్షల మాటమీటర్ల వెనకా ఉన్న గొంతూ, బుర్రా మన్ననవే. ఒక్క నిమిషంలో ఊరందరితోనూ విడివిడిగా మాట్లాడుతుంది. ఎవరు ఏది వదులుకోగలరో అడిగి, అంతే తగ్గిస్తుంది. మాట్లాడినకొద్దీ మనుషుల తీరు నేర్చుకుంటుంది కూడా. "కరెంటు లేక ఈ ఊళ్ళో ఒక్క ప్రాణం పోయినా ఆ మీటర్లన్నీ నా చేత్తోనే పీకించేస్తాను" అని హైమ మండలి సమావేశంలో బల్ల గుద్ది మరీ చెప్పి వచ్చింది. ఆ పరీక్ష ఇవాళ, ఇప్పుడు!

"మన్ననా, అడుగు" అంది హైమ.

"అలాగేనండీ" అంది గోడలోంచి మన్నన గొంతు.

గోడ మీది పెద్ద తెరపై అంకెలు కదిలాయి. ముప్పై మెగావాట్లు వదులుకున్నారు. తొంభై. నూట అరవై. రెండొందల పది దాటింది. అక్కడితో ఆగలేదు! రెండొందల డెబ్భై. మూడొందల నలభై! ఫ్రీక్వెన్సీ చకచకా లేచి యాభై దగ్గర నిలబడింది. మిగిలిపోయిన నూట ముప్పై మెగావాట్లనీ మన్నన కరెంటు నిలవచేసే బ్యాటరీ బ్యాంకులోకి మళ్ళించింది.

"ఓర్నాయనో! అడిగిన దానికి ఒకటిన్నర రెట్లిచ్చీసేరు మేడమ్!" అని తరుణ్ చప్పట్లు కొట్టాడు. "ఈ ఊరోళ్ళేనా ఇలాగ? కుక్కకి చీటీ తెచ్చినోళ్ళేనా?"

హైమకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తొమ్మిదేళ్ళు! ఎంతమంది నవ్వారు, మీటరుతో మంచీ చెడ్డా మాట్లాడిస్తుందట అని. ఆమె ఆనందం పట్టలేక కంట్రోల్ రూములో ఆ చివర్నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచింది.

"ఏటన్నారో ఇనిపించవా మన్ననా? నా సెవులారా ఇంటాను" అన్నాడు తరుణ్.

మన్నన పాత కాలనీలో ఒక ఇంటి సంభాషణ వినిపించింది. మొదట దాని గొంతే వచ్చింది.

"నమస్కారమండీ. తుఫాను వల్ల కరెంటుకి లోటొచ్చింది. మీరు కాస్త తగ్గించుకోగలరా?"

"దానికేటమ్మా! మొత్తం తీసీ. మాకు పర్లేదు" అంది ఒక పెద్దావిడ. మాటకీ మాటకీ మధ్య ఆయాసం వినిపిస్తోంది.

"మీకు ఇబ్బంది ఉండదు కదండీ?"

"ఇబ్బందేటుంటాది. ఎవలికవసరమో వాళ్ళకిచ్చుకో. పాపం, పొద్దున్నుంచీ వాగుతున్నట్టున్నావు, ఏటైనా తిన్నావా మరి?"

హైమకి నవ్వొచ్చింది. పక్కకి చూస్తే తరుణ్ నవ్వడం లేదు. మొహం పాలిపోయింది.

"మేడమ్, అది మా అప్ప, నా తోడబుట్టింది" అన్నాడు. "మౌనికప్ప. ముప్పై ఏళ్ళు గోనెల మిల్లులో ఆ నార దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పోనాయి. రాత్రీ పగలూ మిషను మీదే ఉంటాది. మొత్తం తీసీమందంటే... మిషను కూడా ఆపించీసినట్టే కదా!"

హైమ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఊపిరియంత్రం కరెంటు లాగే తీరు వేరుగా ఉంటుంది. మనిషి శ్వాసతో పాటు ఎగసి దిగుతుంది. "మన్ననా, అలాంటి వాడకం ఉన్న ఇళ్ళలో ఎన్ని ఇళ్ళవాళ్ళు మొత్తం వదులుకున్నారు?"

"పదకొండు వందల నలభై అండీ."

"అవి ఊపిరియంత్రాలని నీకు తెలీదా?"

"తెలుసండీ. అందుకే రెండేసిసార్లు అడిగాను. ఇబ్బంది లేదన్నారు. ఇంటివారి మాటే చివరి మాట అన్నది మీరు పెట్టిన నియమం కదండీ."

హైమ తల పట్టుకుంది. అయ్యో, ఎంత పొరపాటు! తెలుగువాళ్ళకి మీటరు చేసి, తెలుగువాళ్ళ మొహమాటం సంగతే మరిచిపోయింది. ఫారం ఇస్తే కుక్క పేరు రాసే మనిషే, ఎదురుగా ఒక గొంతు "ఇబ్బంది ఉండదు కదండీ" అంటే చాలు, ప్రాణం పోతున్నా "అబ్బే, ఏం లేదండీ" అంటాడు. కాగితానికి చెప్పిన అబద్ధం తన కోసం. మనిషికి చెప్పే అబద్ధం ఎదుటివాడు నొచ్చుకోకుండా ఉండడం కోసం. పాపం మన్నన! పర్లేదు అంటే పర్లేదనే అనుకుంది.

ఊపిరియంత్రాల్లో బ్యాటరీ ఇరవై అయిదు నిమిషాలు వస్తుంది. అవి ఆగింది పది పద్దెనిమిదికి. ఇప్పుడు పది ఇరవై నాలుగు. పది నలభై మూడుకి పదకొండు వందల నలభై మందికి గాలి ఆగిపోతుంది.

"కంట్రోల్ రూమునించి మనమే ఎయ్యలేమా?" అన్నాడు తరుణ్.

వెయ్యలేరు. ఏ నాయకుడూ తన పగవాడి ఇల్లు చీకటి చేయించకుండా హైమ ప్రతి మీటరులోనూ ఒప్పుదల తాళం బిగించింది. ఇంటివాళ్ళు ఇచ్చిన మాట ఇంటివాళ్ళే వెనక్కి తీసుకోవాలి. ఆ తాళం పగలగొట్టే మీట ఒకటుంది గానీ, అది నొక్కితే నాలుగు లక్షల ఇళ్ళూ ఒక్కసారే వెలుగుతాయి. మరుక్షణం ఊరంతా కుప్పకూలుతుంది. విడ్డూరం ఏమిటంటే, బ్యాంకులో నూట ముప్పై మెగావాట్లు ఊరికే పడి ఉన్నాయి. తీసుకోమంటే తీసుకునేవాళ్ళే లేరు!

సెల్ టవర్లు పొద్దునే పడిపోయాయి. మిగిలింది కరెంటు తీగ మీదే నడిచే మీటరు గొంతొక్కటే. "మీ అప్పతో మీరు మాట్లాడండి" అని హైమ లైను కలిపింది.

"అప్పా, నేను తరుణ్ని. మిషను ఎయ్యమని మీటరుకి సెప్పు, బేగి సెప్పు!"

"ఒరే నువ్వా? ఇంత గాలిలో డూటీకెళ్ళేవేటి?" మౌనికమ్మ రొప్పుతోంది. "నాకు... బాగానే ఉందిరా. బేటరీ ఉంది కదా."

"అది అయిపోద్దే!"

"ఆసుపత్రిలో పసిగుంటలుంటారు, ఆళ్ళకివ్వండి. తమ్ముడు ఆఫీసులో ఉన్నాడని... అప్పకి ఎక్కించీసేడని... రేపు నలుగురూ అనరేటి? నీ ఉద్యోగానికి మాటొస్తే... నాకు బాగుంటాదా?"

"నా ఉద్యోగం మంటెట్టా! అప్పా, నీకు దండం పెడతాను!"

"కోప్పడకు. నాకేటీ అవదు" అని ఆవిడ మాట ఆపేసింది. తరుణ్ బల్ల మీద పిడికిలితో కొట్టాడు. కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

హైమ మన్ననతో మూడోసారి అడిగించింది. ఈసారి మాటలు మార్చింది. మీ ప్రాణానికి ప్రమాదం అని కూడా చెప్పించింది. తొంభై ఆరుగురు ఒప్పుకున్నారు. తక్కిన వెయ్యీ నలభై నాలుగు మందీ మన్ననకే ధైర్యం చెప్పి పంపారు. పది ముప్పై అయింది.

"ఇంకెలా అడగాలి? ఇంకెన్నిసార్లడగాలి?" అంది హైమ.

"అడక్కూడదు మేడమ్!" తరుణ్ గట్టిగా అరిచాడు. "అడగడమే తప్పు. నేను కుర్రతనంలో మా ఊళ్ళో పెళ్ళి బంతుల్లో వడ్డించీవోణ్ణి. ఆకు మీద సెయ్యడ్డమెట్టినోణ్ణి ఒద్దన్నాడు కదా అని ఒదిలీస్తామేటి? ఒదిలీస్తే ఇంటికెళ్ళి ఏటంటాడు? సరిగ్గా అడగనేదు అంటాడు!"

"మరేం చేసేవారు?"

"పక్కోడి పేరు సెప్పీవోళ్ళం. మీ బావగారు ఎయ్యమన్నారండీ, మీరొద్దంటే ఆయన బాధపడతారు అంటాం. అంతే. సెయ్యి దానంతటదే పక్కకెళ్ళిపోద్ది."

హైమ ఒక్క ఉదుటున లేచింది. మన్నన అబద్ధం చెప్పకూడదు, అది కూడా ఆమె పెట్టిన నియమమే. కానీ నిజంగానే ఎవరైనా అని ఉంటే? "మన్ననా! పొద్దున్న కరెంటు వదులుకున్నవాళ్ళు ఫలానావాళ్ళకి ఇవ్వమని ఎవరి పేరైనా చెప్పారా?"

"చెప్పారండీ. లక్షా పన్నెండు వేల మంది పక్కింటివాళ్ళ పేర్లో, ఎదురింటివాళ్ళ పేర్లో చెప్పారు. మెగావాట్లతో సంబంధం లేని మాటలని పక్కన పెట్టాను."

"పక్కన పెట్టావా? తల్లీ, అవే అసలు మాటలు! వెళ్ళి ఆ పేర్లు చెప్పు. ఎవరు ఎవరికి ఇవ్వమన్నారో చెప్పు. కాదంటే వాళ్ళు నొచ్చుకుంటారని చెప్పు!"

ఆ తర్వాత తెర మీద వెయ్యీ నలభై నాలుగు అన్న అంకె కరగడం మొదలైంది. తొమ్మిది వందల ఎనభై. ఏడు వందల పది. తరుణ్ రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. నాలుగు వందలు. పాత కాలనీ నుంచి మౌనికమ్మ గొంతు వచ్చింది.

"పక్కింటి ప్రత్యూష సెప్పిందా? నాకిమ్మని? దండెం మీద బట్టల కాడ దెబ్బలాడి... పది రోజులై మాట్లాడ్డం మానీసిందే, అదా?" ఆవిడ రొప్పింది. "ఒద్దంటే మళ్ళీ మొదలెడతాది. ఎయ్యమ్మా... ఎయ్యి."

ఊపిరియంత్రం బుస్సుమంది. తరుణ్ కుర్చీలో కూలబడి ఏడ్చేశాడు. హైమ ఆయన భుజం మీద చెయ్యి వేసి, తెర మీంచి మాత్రం కళ్ళు తిప్పలేదు. నూట యాభై. అరవై. ముప్పై ఒకటి దగ్గర అంకె ఆగిపోయింది.

"ఈ ముప్పై ఒక్క మంది పేరూ ఎవరూ చెప్పలేదండీ" అంది మన్నన.

"అయితే నా పేరు సెప్పు!" తరుణ్ ముక్కు చీదుకుంటూ లేచాడు. "గొర్లె తరుణ్ ఇమ్మన్నాడని సెప్పు. ఆడెవడని అడిగితే, ముప్పై ఏళ్ళు మీకు కోతలేసినోడు, ఇవాళ సేతులట్టుకుని బతిమాలుతున్నాడని సెప్పు!"

పది నలభై ఒకటికి తెర మీద సున్నా పడింది.

ఇక ఆ కంట్రోల్ రూములో జరిగిన గోల ఏం చెప్పమంటారు! ఇద్దరే మనుషులు, ఇరవై మంది చేసినంత సందడి చేశారు. తరుణ్ ఈల వేశాడు. చీఫ్ ఇంజనీరుగారు బల్లెక్కి దిగారు. బయట గాలి కూడా ఒక మెట్టు దిగినట్టే ఉంది. ఒక్క ప్రాణం పోలేదు. పైగా మనిషి మొహమాటాన్ని కూడా చదవగల యంత్రం ఇప్పుడు ఈ భూమ్మీద ఒక్కటే ఒక్కటుంది, అది హైమ చేసింది!

"మన్ననా, నువ్వు బంగారానివి" అంది హైమ. "సరే, లాగ్‌బుక్కులో రాసుకోవాలి. నువ్వుండే యంత్రశాలలో వేడి ఎంత?"

"బాగానే ఉందండీ. మీరు కాస్త కూర్చోండి, ఇందాకట్నుంచీ నిలబడే ఉన్నారు."

హైమ నవ్వుతూ కూర్చుంది. కూర్చున్నదల్లా మళ్ళీ లేచింది. తొమ్మిదేళ్ళలో అంకె అడిగితే అంకె చెప్పకుండా ఉండడం మన్నన ఎరగదు.

"ఎన్ని డిగ్రీలో చెప్పు."

"పెద్ద ఇబ్బందేం లేదండీ."

హైమ యంత్రశాల తెర తెరిచింది. తొంభై ఒక్క డిగ్రీలు! తొంభై అయిదుకి మన్నన దానంతటది ఆగిపోతుంది. అది ఆగితే నాలుగు లక్షల మీటర్ల తాళాలూ ఊడి ఇళ్ళన్నీ ఒక్కసారే వెలుగుతాయి. ఊరు కూలుతుంది. మౌనికమ్మ మిషనూ, మరో పదకొండు వందల ముప్పై తొమ్మిది మిషన్లూ ఆగిపోతాయి. వాటి బ్యాటరీల్లో ఇప్పుడు మిగిలింది కొద్ది నిమిషాల ప్రాణమే.

యంత్రశాలని చల్లబరిచే పంపులు పది పద్దెనిమిదికే ఆగిపోయాయి. ఎవరు వదులుకున్నారన్న గడిలో వినియోగదారు సంఖ్య సున్నా అని ఉంది. అది మన్నన సంఖ్యే.

"పంపులెందుకు ఆపుకున్నావు?"

"లోటుంది కదండీ. అందరినీ అడిగి నన్ను నేను అడక్కపోతే ఏం బాగుంటుంది? ఫర్వాలేదనిపించింది."

"తర్వాత నూట ముప్పై మెగావాట్లు మిగిలాయిగా! తీసుకోవచ్చు కదా!"

"ఎవరికవసరమో వాళ్ళకుంటుంది లెండి. నా గురించి మీరు హైరానా పడకండి."

తొంభై రెండు. మనుషుల చేత నిజం చెప్పిద్దామని హైమ యంత్రాన్ని పంపింది. నాలుగు లక్షల మంది దాన్ని ఒక్క పూటలో తమలా తయారుచేసి పంపారు. రేపట్నించి ఈ ఊరి గ్రిడ్ ఎలా ఉందని అడిగితే అది ఏం చెబుతుంది? తీగ తెగినా, నిప్పంటుకున్నా, బాగానే ఉందండీ అంటుంది. హైమ పంపుల మీట వైపు చెయ్యి చాచింది. తాళం ఎర్రగా వెలిగింది. సున్నా సంఖ్యకి కూడా ఇంటివారి మాటే చివరి మాట.

తొంభై మూడు.

"మన్ననా" అంది హైమ. "తరుణ్ గారు నీకు పంపులెయ్యమంటున్నారు."

"ఔనమ్మా, ఎయ్యమన్నాను!" అని అరిచాడు తరుణ్ వెనకనించి.

"నువ్వు వద్దంటే ఆయన చాలా నొచ్చుకుంటారు."

మన్నన మూడు సెకన్లు మాట్లాడలేదు. నాలుగు లక్షల మందితో ఒక్కసారి మాట్లాడే యంత్రానికి మూడు సెకన్లంటే ఎంతసేపో హైమకి తెలుసు.

"అయ్యో, ఆయన అన్నారా? అయితే... కొంచెం. కొంచెం చాలండీ."

తాళం పచ్చబడింది. కొంచెం అంటే ఎంత అని హైమ అడగలేదు. పంపుల మీటని చివరిదాకా తోసేసింది.

"అబ్బే, అంత వద్దండీ, అంత వద్దు" అంటూనే మన్నన మొత్తం తీసుకుంది.